చలిలో నైట్రో కారు ఇంజిన్ వేడి చెయ్యడానికి ఏ బ్యాటరీ కొనాలి: మా అన్నయ్య కొడుక్కి రాసింది

ఒరేయ్ నానీ,

నీ మెసేజ్ చూశా. మినియాపొలిస్‌లో అప్పుడే ఫ్రీజింగ్ కిందకి పోతోందనీ, నైట్రో కారు (రిమోట్‌తో నడిపే, చిన్న ఫ్యూయల్ ఇంజిన్ ఉండే బుల్లి కారు) ఎంత తిప్పినా స్టార్ట్ అవట్లేదనీ, అందుకని 2000 వాట్ల ఇన్వర్టర్ ఒకటి కొని నీ పెద్ద కారు బ్యాటరీకి తగిలించి హెయిర్ డ్రయర్‌తో ఇంజిన్ వేడి చేద్దామనుకుంటున్నాననీ రాశావు. వేడి చెయ్యాలన్నది నూటికి నూరుపాళ్లు కరెక్టే, ఆ ఇన్వర్టర్ మాత్రం కొనకు.

లెక్క చూడు. అమెరికాలో దొరికే చాలా హెయిర్ డ్రయర్లు ఫుల్ మీద 1875 వాట్లు లాగుతాయి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అంత రావాలంటే 156 ఆంప్స్, మధ్యలో ఇన్వర్టర్ తినేసేది కూడా కలిపితే 170 దాటుతుంది, దానికి వేలెడంత లావు కేబుళ్లు కావాలి, చలికి అసలే నీరసంగా ఉన్న కారు బ్యాటరీ మీద అంత లోడు పడితే సాయంత్రం నువ్వు ఇంటికెళ్లడానికి ఎవర్నో జంప్ ఇమ్మని అడుక్కోవాలి. ఇంతా చేస్తే ఆ వేడి గాలిలో చాలావరకు ఆకాశంలోకే పోతుంది.

ఇంజిన్‌కి నిజంగా ఎంత కావాలో చూద్దాం. 21 సైజు (0.21 ఘనపు అంగుళాల) ఇంజిన్, పైనుండే హెడ్డూ కిందుండే క్రాంక్‌కేసూ అన్నీ కలిపి 350 గ్రాముల అల్యూమినియం అనుకో. సున్నా డిగ్రీల నుంచి 80 సెల్సియస్‌కి, అంటే మీ లెక్కలో 175 ఫారెన్‌హీట్‌కి తేవడానికి పట్టేది 7 వాట్-అవర్లు. నీ ఫోన్ బ్యాటరీలో సగం అంతే! గాలికి పోయేది కలుపుకుని రెట్టింపు వేసుకున్నా 14. దీనికి పవర్ ప్లాంటు అక్కర్లేదు, వేడిని నేరుగా లోహానికి తగిలించే హీటర్ కావాలి. హెడ్ చుట్టూ బిగించే 12 వోల్టుల హీటర్లు హాబీ షాపుల్లో దొరుకుతాయి, 80 వాట్లకి అటూ ఇటూగా ఉన్నది తీసుకుంటే పది నిమిషాల్లో పనైపోతుంది, లాగేది 7 ఆంప్స్ లోపే.

ఇక దానికి కరెంటు ఎక్కడ్నుంచి అంటే, నీ దగ్గర ఎలక్ట్రిక్ బగ్గీ 3ఎస్ లైపో ప్యాక్‌లు (మూడు సెల్స్ ఉండే లిథియం పాలిమర్ బ్యాటరీలు) ఉన్నాయి కదా, ముందు వాటితోనే మొదలుపెట్టు, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. 3ఎస్ 5000 మిల్లీఆంప్-అవర్ ప్యాక్‌లో 55 వాట్-అవర్లు ఉంటాయి, రెండు మూడు సార్లు హాయిగా వేడి చేసుకోవచ్చు. వోల్టేజీ 11.1 కాబట్టి 80 వాట్ల హీటర్ 68 దగ్గర ఆడుతుంది, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది అంతే. అది చూసి నాలుగు సెల్స్ ఉండే 4ఎస్ పెడితే ఇంకా ఫాస్ట్ కదా అనుకునేవు, ఫుల్ ఛార్జ్ మీద 16.8 వోల్టులకి అదే హీటర్ 150 వాట్లు దాటేస్తుంది, లోపలి కాయిల్ మాడిపోతుంది. ఇంకో మాట, ఇది అందరూ మర్చిపోయేది: ఎలక్ట్రిక్ బగ్గీలో ఈఎస్‌సీకి (మోటార్ స్పీడ్ కంట్రోలర్‌కి) లో వోల్టేజ్ కటాఫ్ ఉంటుంది, హీటర్‌కి అలాంటి బుద్ధి ఏమీ ఉండదు, ప్యాక్ చచ్చేదాకా లాగుతూనే ఉంటుంది. బ్యాలెన్స్ ప్లగ్‌కి (ఒక్కో సెల్ వోల్టేజీ తెలిసే చిన్న ప్లగ్ అది) చిన్న బజర్ అలారం పెట్టి సెల్‌కి 3.5 వోల్టుల దగ్గర మోగేలా సెట్ చెయ్యి. రెండు మూడు డాలర్ల వస్తువు కోసం ప్యాక్ పోగొట్టుకోకు.

ప్రతి వారం వెళ్తానంటే మాత్రం 12 వోల్టుల 6 ఆంప్-అవర్ లైఫ్‌పో4 (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఒకటి కొనుక్కో, నా ఓటు దానికే. చాలామంది యూపీఎస్‌లో ఉండే 7 ఆంప్-అవర్ లెడ్ యాసిడ్ డబ్బా వాడతారు, చవకే, కానీ రెండు కేజీలు పైనే బరువు, పైగా దాని మీద రాసిన 7 అనేది ఇరవై గంటలు మెల్లగా వాడితే వచ్చే లెక్క, నువ్వు ఒక్కసారే 7 ఆంప్స్ లాగితే సగానికి కాస్త పైన వస్తే గొప్ప, చలిలో ఇంకా తగ్గుతుంది. లైఫ్‌పో4 సగం బరువు, దాదాపు చెప్పినంతా ఇస్తుంది. ఒకటే షరతు, సున్నా సెల్సియస్ కింద దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు, ఇంట్లోకి తెచ్చి గది వేడికి వచ్చాకే ఛార్జర్ పెట్టు.

పవర్ స్టేషన్, అదే సాకెట్లుండే పెద్ద పోర్టబుల్ బ్యాటరీ పెట్టె, కొందామా అని కూడా అడిగావు. మీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు పనికొస్తుందంటే కొనుక్కో, దీని ఒక్కదానికే అయితే దండగ. కొంటే ఏసీ సాకెట్ జోలికి పోకుండా పక్కనుండే 12 వోల్టుల కారు సాకెట్ నుంచే వాడు, చాలావాటిలో అది 10 ఆంప్స్ ఇస్తుంది, సరిపోతుంది. జంప్ స్టార్టర్ క్లిప్పులకి మాత్రం హీటర్ తగిలించకు, అవి కొన్ని సెకన్ల పనికి చేసినవి, అవతల కారు బ్యాటరీ కనపడకపోతే చాలావరకు ఆన్ కూడా అవ్వవు.

పెద్ద కారు దగ్గర్లో పార్క్ చేసే వీలుంటే దాని 12 వోల్టుల సాకెట్ కూడా చాలు, ఫ్యూజ్ ఎంతో మాన్యువల్‌లో చూసుకో. ఇంజిన్ ఆన్‌లో ఉంటే 14 వోల్టులు వస్తాయి కాబట్టి హీటర్ కాస్త గట్టిగా కాలుతుంది, ఓ కన్నేసి ఉంచు. సన్న వైరుతో పది అడుగుల ఎక్స్‌టెన్షన్ వేశావంటే దాదాపు ఒక వోల్ట్ వైర్లోనే పోతుంది, 14 గేజ్ వైరు వేసి, బ్యాటరీ పక్కనే 10 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టు.

స్టార్టర్ బాక్స్ (నైట్రో ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే పెట్టె) ప్యాక్‌ని హీటర్‌కి వాడకు, తీరా తిప్పే టైముకి అదే నీరసపడుతుంది. గ్లో ఇగ్నైటర్ (స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ పైనుండే గ్లో ప్లగ్‌ని కాల్చేది) కూడా జేబులో పెట్టుకుని వెచ్చగా ఉంచు, చలికి దాని సెల్ కూడా డల్ అవుతుంది.

అసలు ఇంత గోల ఎందుకంటావేమో. మన ఇంజిన్లో స్లీవ్, అంటే పిస్టన్ ఆడే గొట్టం, ఇత్తడిది, లోపల పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, పిస్టన్ అల్యూమినియం. వేడెక్కితే స్లీవ్ పిస్టన్ కంటే ఎక్కువ సాగి క్లియరెన్స్ సరిగ్గా వచ్చేలా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు బలవంతంగా తిప్పితే పైన పిస్టన్ బిగుసుకుని కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది భారమంతా. వేడి చేసేటప్పుడు కూడా పిస్టన్ కిందికి ఉండేలా ఫ్లైవీల్ తిప్పి పెట్టు.

ఇప్పుడు సీరియస్‌గా విను. ఎవడో బ్యూటేన్ టార్చ్‌తో కాల్చేస్తే అర నిమిషంలో అయిపోతుందంటాడు, వినకు. మన ఫ్యూయల్లో ఎక్కువ మిథనాలే, 11 సెల్సియస్‌కే మంట అందుకునే ఆవిరి వస్తుంది, అంటుకుంటే పట్టపగలు మంట కంటికి కూడా సరిగ్గా కనపడదు. హీటర్ పెట్టినా సరే ట్యాంక్ ఖాళీగా ఉండాలి, వేడి చేయడం అయ్యి, హీటర్ ప్లగ్ పీకి పక్కన పెట్టాకే ఫ్యూయల్ పొయ్యి. తీసేటప్పుడు గ్లోవ్స్ వేసుకో.

గాలి రాకుండా కారు చుట్టూ అట్టపెట్టె పెట్టు, అది హీటర్‌కి తగలకూడదు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే మెరిసే అల్యూమినియం మీద రీడింగ్ తక్కువ చూపిస్తుంది, పైనుంచి గ్లో ప్లగ్ గుంటలోకి గురిపెట్టి చూడు, 160 నుంచి 180 ఫారెన్‌హీట్ మధ్య వస్తే చాలు. మరీ మైనస్ పదిహేను సెల్సియస్‌లో అయితే ఇంజిన్ స్టార్ట్ అయినా చక్రాల్ని పట్టుకునే ప్లాస్టిక్ ఆర్మ్‌లు పుటుక్కున విరుగుతాయి, ఆ రోజు ఇంట్లో కూర్చుని డిఫ్ (డిఫరెన్షియల్) ఆయిల్ మార్చుకో.

హీటర్ ఆర్డర్ పెట్టేముందు దాని లేబుల్ మీద వోల్టులు, వాట్లు కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు, కనెక్టర్ నీ లైపోకి మ్యాచ్ అవుతుందో లేదో చెప్తా. ఇన్వర్టర్ ఇప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటే రిటర్న్ డేట్ ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూసుకో. పిన్ని అడిగానని చెప్పమంది.

మీ బాబాయ్