పిడుదు కూడా సహజీవనం చేస్తున్నట్టేనా?

పిడుదు (కొందరు గోమారి అంటారు) పశువు ఒంటిమీదే బతుకుతుంది కదా, అది సహజీవనం కాదా అని ప్రశ్న. జీవశాస్త్రంలో విశాలార్థంలో చూస్తే అవును: రెండు జాతులు అంటిపెట్టుకుని బతికితే చాలు, ఇద్దరికీ లాభం ఉండాలనేం లేదు. మనం మామూలుగా ఇద్దరికీ మేలైతేనే ఆ మాట వాడతాం, గందరగోళం అక్కడే. పిడుదుది ఒకవైపు లాభమే, అందుకే అది పరాన్నజీవి.

అది పనిచేసే తీరు చూడండి. గడ్డి కొసన ముందుకాళ్లు చాచి కూర్చుంటుంది. ఆ కాళ్లమీదే వాసన పట్టే అవయవం ఉంటుంది, మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కూడా పసిగడుతుంది. ఏదైనా జంతువు రాసుకుంటూ వెళ్తే ఎక్కేస్తుంది. కరిచాక లాలాజలంతో రక్తం గడ్డకట్టకుండా చూసుకుంటుంది, నొప్పి తెలియనివ్వదు. అందుకే రోజుల తరబడి వేలాడుతున్నా చాలాసార్లు మనకు తెలీదు.

తమాషా ఏంటంటే, పిడుదు తిండి రక్తమే, అందులో బి విటమిన్లు చాలా తక్కువ. ఆ లోటు తీర్చేది చాలా పిడుదుల ఒంట్లో ఉండే బ్యాక్టీరియా. అంటే ఈ దొంగ కడుపులోనే అసలైన ఇచ్చిపుచ్చుకోవడం నడుస్తోంది!

ఆఫ్రికాలో అడవి దున్నలమీద వాలి పిడుదుల్ని తినే ఆక్స్‌పెకర్ పిట్టను మంచి స్నేహితుడికి ఉదాహరణగా చెబుతారు. నాకు అంత నమ్మకం లేదు. అది పుండ్లను పొడిచి రక్తం కూడా తాగుతుంది.