సెంట్రల్ స్టేషన్ పక్కన టవర్లు: ఉద్యోగాల లెక్క, ఫ్లాట్ కొనడం, అభ్యంతరం పంపడం

మీరు అడిగినవి మూడు. సిడ్నీ సెంట్రల్ స్టేషన్ చుట్టూ టెక్ కంపెనీల కోసం వస్తున్న ‘టెక్ సెంట్రల్’ ప్రాంతంలో 25,000 ఉద్యోగాలు వస్తాయన్నది నమ్మొచ్చా? ఆ పక్కనే ఉన్న రెడ్‌ఫర్న్‌లో ఇప్పుడే ఫ్లాట్ కొనాలా? మన వీధి మీద నీడ పడేలా టవర్ వస్తుంటే అభ్యంతరం ఎలా చెప్పాలి?

ముందు ఉద్యోగాలు. 2019 నాటి నివేదికలో 2,50,000 చదరపు మీటర్ల జాగా, 25,000 కొత్త ఉద్యోగాలు అన్నారు. భాగించి చూడండి, మనిషికి 10 చదరపు మీటర్లు. ప్రతి బల్ల ముందూ ఒకరు కూర్చుంటే వచ్చే సంఖ్య అది. అక్కడ పెద్ద టవర్ కడుతున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ అట్లాసియనే 2020లో తన ఉద్యోగులను ఎక్కడి నుంచైనా పని చేసుకోమంది. కాబట్టి ఆ అంకెను ఆ జాగాలో ఎందరు పడతారన్న కొలతగానే చూడండి. స్టార్టప్‌లకు తక్కువ అద్దెకు ఇస్తామన్న 50,000 చదరపు మీటర్ల గురించి మాత్రం గట్టిగా అడగాలి: మార్కెట్ అద్దె కంటే ఎంత తక్కువ, ఎన్నేళ్లపాటు, బిల్డింగు చేతులు మారితే ఆ షరతు కొత్త యజమానికీ వర్తిస్తుందా? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు లేకపోతే ఆ హామీని లెక్కలోకి తీసుకోకండి.

రీజోనింగ్ (ఒక స్థలంలో ఏం కట్టొచ్చు, ఎంత ఎత్తు కట్టొచ్చు అన్న నిబంధన మార్చడం) వేరు, కట్టడానికి అనుమతి వేరు, కట్టడం వేరు. రీజోనింగ్ అయిందంటే ఎత్తు పెంచుకునే హక్కు వచ్చిందంతే. స్థలం రేటు ఆ రోజే పెరుగుతుంది, బ్రోకర్ల ఫోన్లూ ఆ రోజే మొదలవుతాయి. తవ్వకం మాత్రం సాధారణంగా జాగాలో పెద్ద వాటాకు లీజు కుదిరాకే మొదలవుతుంది. స్టేషన్ పడమటి వైపు వెస్టర్న్ గేట్‌వేలో మూడు బ్లాకులున్నాయి. ఎ, బి బ్లాకులకు 2020లోనే ఎత్తు పెంచారు. ముందు పని మొదలైంది ఎ బ్లాకులో, 2022లో. సొంత అవసరానికే కట్టుకుంటున్న కంపెనీ, అంటే అట్లాసియన్, ఉన్నది అక్కడే. ఏ ప్రాజెక్టు చూసినా ‘అద్దెకు ఎవరు సంతకం పెట్టారు’ అన్నదే మొదటి ప్రశ్న.

పట్టాల పక్కన ల్యాబులు వస్తాయన్న మాటనూ కాస్త ఆలోచించి నమ్మండి. ఆఫీసు గదిలో సెకనుకు 400 మైక్రాన్ల కంపనం ఉన్నా ఇబ్బంది లేదు. మంచి మైక్రోస్కోపులకు రకాన్ని బట్టి 50 లేదా 25 దాటకూడదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకైతే 6 లేదా 3 దాకా దిగాలి. పక్కనే రైళ్లు తిరుగుతుంటే అది సాధించాలంటే బోలెడు ఖర్చు. అందుకే ఇలాంటి చోట్ల చివరికి మిగిలేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ ఆఫీసులే.

ఇక నీడ. మన ఊళ్లలో జూన్ అంటే సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. సిడ్నీలో అది నడి శీతాకాలం, సూర్యుడు ఉత్తరాన తక్కువ ఎత్తులో ఉంటాడు. అందుకే నీడ పటాలు (టవర్ నీడ ఏ గంటకు ఎక్కడ పడుతుందో చూపే బొమ్మలు) జూన్ 21కి, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా గీస్తారు. ఆ రోజు మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 33 డిగ్రీల లోపే, అంటే 180 మీటర్ల టవర్ నీడ దాదాపు 280 మీటర్లు పాకుతుంది. మధ్యాహ్నం 3 గంటలకు 550 మీటర్లు దాటి ఆగ్నేయానికి తిరుగుతుంది, ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ పార్కు ఉన్నది అటే. పటం తెరిస్తే చాలామంది 12 గంటల బొమ్మ చూసి ఊరుకుంటారు. మీరు 2, 3 గంటల బొమ్మలు చూడండి, అసలు గొడవంతా అక్కడే. మీ ఇల్లు ఆ నీడలో ఎంతసేపు ఉంటుందో గంటల్లో రాసుకోండి.

అభ్యంతరం పంపడానికి పౌరసత్వం అక్కర్లేదు, స్టూడెంట్ వీసా మీదున్నా పంపొచ్చు. న్యూ సౌత్ వేల్స్ ప్లానింగ్ పోర్టల్‌లో మేజర్ ప్రాజెక్ట్స్‌కి వెళ్లి ప్రాజెక్టు పేరు వెతకండి, గడువు తేదీ ఆ పేజీలోనే ఉంటుంది. సమర్థిస్తున్నారా, వ్యతిరేకిస్తున్నారా, ఊరికే వ్యాఖ్యా అన్నది ఎంచుకోవాలి. ‘ఇంత ఎత్తు వద్దు’ అని రాస్తే ఒరిగేదేమీ లేదు. ఫలానా నంబరు పటంలో 3 గంటలకు ఫలానా వీధి నీడలో ఉంది, దానికి ఏం చేస్తారు అని రాయండి, కంపెనీ జవాబివ్వక తప్పదు. వాట్సాప్ గ్రూపులో ఒకే ఉత్తరాన్ని అందరూ కాపీ చేసి పంపడం ఇక్కడ పనికిరాదు. ఇలాంటి పెద్ద ప్రాజెక్టుపై వేర్వేరుగా రాసిన అభ్యంతరాలు 50 వస్తే అది సాధారణంగా స్వతంత్ర ప్లానింగ్ కమిషన్ ముందుకు వెళ్తుంది, ఒకే మాటలున్న ఉత్తరాలూ పిటిషన్లూ ఎన్ని ఉన్నా ఒక్కటిగానే లెక్కిస్తారు. గత రెండేళ్లలో రాజకీయ విరాళం 1,000 డాలర్లు, ఆపైన ఇచ్చి ఉంటే అదీ చెప్పాలి.

ఫ్లాట్ విషయానికొస్తే, సెంట్రల్‌లో మెట్రో స్టేషన్ 2024 ఆగస్టు 19న తెరిచారు, దాని ప్రభావం ధరల్లోకి ఎప్పుడో ఎక్కింది. ఇంకా కట్టని టవర్ల పేరుతో మళ్లీ అదనంగా ఇవ్వకండి. పట్టాల పక్కన ఇళ్లకు పడకగదిలో రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు 35 డెసిబెల్స్, హాలు వంటి గదుల్లో ఎప్పుడైనా 40 దాటకూడదని నిబంధన ఉంది. 2008కి ముందు అనుమతి వచ్చిన పాత బిల్డింగులకు అది వర్తించదు. కొత్తవాటిలోనూ చాలాచోట్ల ఆ కొలత కిటికీలు మూసి ఉంటేనే వస్తుంది. కాబట్టి బయటి గాలి లోపలికి తెచ్చే ఏర్పాటు ఉందా అని అడగండి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. ఇంకో మాట: ఇళ్లు చూపించేది ఎక్కువగా శనివారాలే, ట్రాక్ మరమ్మతులకు రైళ్లు ఆపేసి బస్సులు నడిపేదీ ఎక్కువగా వారాంతాల్లోనే. ప్రశాంతంగా ఉందని అక్కడే మాట ఇచ్చేయకండి. మామూలు రోజు రాత్రి పదకొండింటికి ఒకసారి వెళ్లి, పడకగది వైపు కింద పేవ్‌మెంట్ మీద నిలబడి వినండి.