గేలం రాడ్ చివర మాటిమాటికీ విరుగుతుంటే ఫైబర్‌గ్లాస్ తీసుకోండి

అన్నా, చెరువులో బొచ్చె చేపను ఒడ్డుకు లాగుతుంటే మీ కార్బన్ రాడ్ చివర రెండుసార్లు విరిగిందన్నారు. ఫైబర్‌గ్లాస్ పాతకాలం సరుకేనా అని అడిగారు. కానే కాదు.

1970ల్లో కార్బన్ రాడ్లు వచ్చాక ఫైబర్‌గ్లాస్ వెనకబడిన మాట నిజమే. కార్బన్ తేలిక, బిర్రుగా ఉంటుంది, ఎర దూరం పడుతుంది. కానీ రాయికి తగిలి చిన్న గీటు పడితే, తర్వాత ఎప్పుడో ఆ చోటే పుటుక్కున విరుగుతుంది. గ్లాస్ దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది. చేప గుంజితే వంపు చివరనే ఆగదు, పిడి దాకా దిగుతుంది. నా ఏడడుగుల గ్లాస్ రాడ్‌కు మూడు కిలోల బొచ్చె పడినప్పుడు, అది తల విదిలించిన ప్రతిసారీ రాడ్ కొంచెం వంగి ఇచ్చి మళ్లీ వెనక్కి తీసుకునేది. అదంతా అరచేతికి తెలుస్తూనే ఉంది. సన్న దారమే, అయినా తెగలేదు. ఆ హాయి కోసమే నేను గ్లాస్ వదల్లేదు.

గ్లాస్ రాడ్ బరువు కాస్త ఎక్కువ. చేప చిన్న కాటు చేతికి అంతగా తెలియదు, బెండు మీద కన్నేసి ఉంచండి. విసరడం నిదానంగా, ఒకే ఊపులో. నాచులోంచి కొరమీనును లాగాలంటే మాత్రం బిర్రు రాడ్డే మేలు.

ఏ రాడ్ అయినా చేపను దాంతో గాల్లోకి లేపకండి. డ్రాగ్ (రీలులో దారాన్ని బిగించే బ్రేకు) కొంచెం వదులు చేసి, దగ్గరికొచ్చాక చేతి వలతో ఎత్తండి. కరెంటు తీగల దగ్గర అసలు విసరొద్దు, కార్బన్‌లో కరెంటు పారుతుంది.