కాపీరైట్ చట్టాల మీద జనం గొడవ చేస్తే ఏమన్నా మారుద్దా?

మారుద్దండీ, మారింది కూడా. 2011లో అమెరికాలో సోపా, పిపా అని రెండు బిల్లులు పెట్టారు, దొంగ కాపీలు ఆపడానికే అన్నారు గానీ సైట్లకి సైట్లే మూయించే వీలుంది వాటిల్లో, 2012 జనవరి 18న నిరసనగా ఇంగ్లీష్ వికీపీడియా రోజంతా ఆపేశారు, జనం వాళ్ళ ప్రతినిధులకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు, రెండ్రోజుల్లో బిల్లులు పక్కన పెట్టేశారు. అదే ఏడాది జులైలో, నకిలీ సరుకు, దొంగ కాపీలు ఆపడానికని కొన్ని దేశాలు కలిసి రాసుకున్న యాక్టా ఒప్పందాన్ని యూరప్ పార్లమెంట్ 478-39 ఓట్లతో కొట్టేసింది.

మనకెందుకు అంటారా, మాది అమలాపురం దగ్గరండి. కనుమ రోజు జగ్గన్నతోటకెళ్ళే ప్రభలు కౌశిక నది దాటుతుంటే వీడియో తీసి పెట్టాను, వెనకాల బ్యాండోళ్ళు వాయించిన సినిమా పాట ముక్క పడిందని మొత్తం సౌండే తీసేశారు, పీకల్లోతు నీళ్ళలో మోసేవాళ్ళ 'అశ్శరభ శరభ' కేకలు కూడా పోయాయి. చాలా బాధేసింది. అది మెషీన్ ఫిల్టర్ చేసిన పని, అలాంటి ఫిల్టర్లకి దారితీసే రూలే యూరప్‌లో 2019లో పాసయింది, లక్షల మంది వద్దన్నా సరే.

మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కొంత నయం, ఫిర్యాదు మీద తీసేసినా 21 రోజుల్లో కోర్టు ఆర్డర్ రాకపోతే ఆ సైటువాళ్ళు తిరిగి పెట్టొచ్చు. దాన్ని పోనివ్వకూడదు. సవరణ ముసాయిదా మీద ప్రభుత్వం అభిప్రాయాలు అడిగినప్పుడు తెలుగులోనైనా సరే రాసి పంపండి, మీ ఎంపీకి కూడా ఒక కాపీ ఇవ్వండి.