జెనోవాల ఏ చర్చి వదలొద్దు?

ప్రశ్న: మా కొడుకు ఇటలీల జెనోవాల చదువుతుండు, వాని దగ్గరికి పోతున్నం. పాత చర్చిలు చూడనీకి ఒక్క పూటనే టైముంది, ఏవి చూడాలె? – ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అక్కా, ముందుగాల సాన్ లొరెంజో కేథడ్రల్‌కే పోండ్రి. నలుపు తెలుపు రాళ్లు వరుసలు వరుసలుగ పేర్చి కట్టిండ్రు, మన మెదక్ చర్చి 1924లది గదా, దీన్ని 1118లనే పోప్ గెలాసియస్ వచ్చి ప్రతిష్ఠ చేసిండు. లోపల కుడి దిక్కు తప్పకుంట ఆగుండ్రి. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరి మీద గుండ్లు కురిపిస్తే ఒక పెద్ద గుండు చర్చి గోడ పగలగొట్టుకొని లోపలికొచ్చింది గని పేలలే, పేలుంటే ఇయ్యాల మనకు చూడనీకి ఏం మిగిలేది కాదు, అసొంటి గుండే ఒకటి ఆడ పెట్టిండ్రు.

కింద మ్యూజియంకు టికెట్ వేరే, అయినా తీస్కోండ్రి. పచ్చటి గాజు పాత్ర ఒకటుంటది, శానా ఏండ్లు దాన్ని పచ్చరాయి అనే నమ్మిండ్రు, నెపోలియన్ కాలంల పారిస్‌కు తీస్కపోతే తిరిగొచ్చేటప్పుడు పగిలింది, మళ్ల అతికిచ్చిండ్రు.

దగ్గర్లనే జెసూ చర్చిల పాతకాలపు పేరున్న చిత్రకారుడు రూబెన్స్ గీసిన రెండు పెద్ద బొమ్మలున్నయి, నాకైతే అవి చూస్తే కడుపు నిండినట్టయితది. టైం మిగిలితే సాన్ మత్తేయో చర్చి, చిన్నదే, జెనోవా పాత నౌకాదళ నాయకుడు ఆంద్రేయా దోరియా సమాధి ఆడనే. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటయి, వేరే రోజు పెట్టుకోండ్రి.