వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు

ప్రశ్న: మాది విశాఖపట్నం, కూర్మన్నపాలెం. బాబుకి మూడేళ్ల మూడు నెలలు. జూన్‌లో నర్సరీలో వేశాం. ఏడుస్తాడేమో అని భయపడ్డాను. మొదటిరోజే టీచరు చెయ్యి పట్టుకుని, వెనక్కి కూడా చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. గేటు బయట నేనే ఏడ్చాను. వాడు ఏడవనందుకు బాధపడ్డానని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. దింపి వచ్చాక ఇల్లంతా బోసిగా ఉంటోంది. వాన అనో, దగ్గు అనో, సింహాచలం వెళ్దామనో నెలలో తొమ్మిది రోజులు మాన్పించాను. ఇప్పుడు వాడూ వెళ్లనని ఏడుస్తున్నాడు. మావారు నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పడుకుంటారు. అత్తగారేమో ‘మేం ముగ్గుర్ని పంపలేదా’ అంటారు. వాడు కడుపులో పడ్డప్పుడు గుడ్డ కప్పిన కుట్టు మిషన్ ఇంతవరకూ తియ్యలేదు. నాలుగేళ్లు నిండేదాకా బడి ఆపేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఆ సిగ్గు వదిలేయండి. ఈ మూడేళ్లూ వాడికి ఆకలేస్తోందని వాడికంటే ముందు మీకు తెలిసేది. కన్ను నలిపితే నిద్రనీ, మూల నిలబడితే బాత్రూమనీ పోల్చుకునేవారు. ఇప్పుడు రోజూ మూడు గంటలపాటు వాడి సంగతి మీకు తెలీదు. ఇంటికొచ్చాక ‘ఏం చేశావురా?’ అంటే ‘ఏం లేదు’ అంటాడు. మిమ్మల్ని ఏడిపిస్తున్నది ఆ తెలియకపోవడమే. బిడ్డని ఒంటిచేత్తో పెంచిన తల్లికి అది చిన్న బాధేం కాదు. మీ అత్తగారి రోజుల్లో ఇంటినిండా మనుషులుండేవారు. పిల్లలు వీధిలోకి వెళ్లి వస్తూ కొంచెం కొంచెంగా దూరం అలవాటు చేసేవారు. మీకు ఒక్క ఉదయంలో గేటు పడింది.

వాడు వెనక్కి చూడలేదంటే మీరు అక్కర్లేదని కాదు. మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లీబిడ్డల్ని దగ్గరగా గమనించారు. అమ్మ అక్కడే ఉందన్న ధీమా ఉంటే బిడ్డ కొంత దూరం పాకి, చుట్టూ చూసి, మళ్లీ అమ్మ దగ్గరికి చేరతాడు. ఆ ధీమాకి ఆవిడ చాలా విలువిచ్చారు. అందుకే బిడ్డ వెళ్లేటప్పుడు ఏడ్చాడా లేదా అన్నదానికన్నా, తిరిగి కలిసినప్పుడు ఏం చేస్తాడన్నది ఎక్కువ చెబుతుంది. మధ్యాహ్నం గేటు తీయగానే మీవాడు ఎటు పరిగెడతాడో మీకు తెలుసు. ఇంటికొచ్చాక చెప్పు సరిగా లేదనో, అరటిపండు విరిగిందనో పేచీ పెడితే కంగారుపడకండి. బడిలో కొత్తవాళ్ల మధ్య బిగబట్టుకున్నదంతా మీ ఒళ్లో వదులుతాడు. ఇంకెక్కడ వదలగలడు?

ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆ తొమ్మిది రోజులూ వాడి కోసం మాన్పించినవి కావు. బాధ మీది, సెలవు వాడిది. రెండు రోజులు వెళ్లి ఒకరోజు ఆగితే, చిన్నపిల్లాడికి ప్రతిసారీ అది కొత్త బడే. పైగా మీ ముఖం చూసి ‘అక్కడేదో భయపడాల్సింది ఉంది కాబోలు’ అనుకుంటాడు. వాడి ఏడుపు ఆలస్యంగా మొదలవడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుందని నా నమ్మకం. జ్వరం వస్తే తప్ప ఒక నెలపాటు మాన్పించకండి. దింపేటప్పుడు చెప్పకుండా జారుకోవద్దు, పది నిమిషాలు కౌగలించుకుని నిలబడనూ వద్దు. ఒక ముద్దు పెట్టి, ‘గంట కొట్టగానే అమ్మ గేటు దగ్గరుంటుంది’ అని చెప్పి, వచ్చేయండి. గేటు సందులోంచి తొంగిచూడకండి. చెప్పినట్టు గంటకి ముందే అక్కడ ఉండండి. ఆ మాట నిలబడటం వాడికి అన్నిటికన్నా ముఖ్యం. వారంలో రెండు రోజులైనా, మీవారు నైట్ షిఫ్ట్ దిగి వచ్చాక, పడుకునే ముందు వాడిని దింపి రమ్మనండి. ఆయనతో వెళ్లిన రోజు ఏడుపు తగ్గుతుందేమో చూడండి.

ఎంతసేపు ఏడుస్తున్నాడో టీచరుని అడగండి. మీరు కనబడకుండా పోయిన కాసేపటికి బొమ్మల్లో పడితే బెంగ అక్కర్లేదు. వారాలు గడిచినా బడి విడిచేదాకా ఏడుస్తున్నా, తిండి మానేసినా, మానిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఎవరో ఒకరి పేరు చెబితే బిక్కచచ్చిపోతున్నా బడివాళ్లతో గట్టిగా మాట్లాడండి. అవసరమైతే బడి మార్చండి. అక్కడ మొహమాటం వద్దు.

నాలుగేళ్లదాకా ఆపొచ్చా అని అడిగారు. చదువు కోసమైతే ఆపినా కొంపలేం మునగవు. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం 3 నుంచి 6 ఏళ్ల వరకు ఆటపాటల ప్రీస్కూలు, ఒకటో తరగతి ఆరేళ్లు నిండాకే. కానీ మీ ఉత్తరాన్ని బట్టి వాడు బడికి సిద్ధంగానే ఉన్నాడు. ఆపితే, వచ్చే జూన్‌లో ఇదే గేటు దగ్గర ఇదే ఏడుపు మీకు మిగిలే ఉంటుంది.

మీ గురించి కూడా ఒక మాట. రెండు వారాలు దాటినా రోజూ ఏడుపొస్తుంటే, నిద్ర, తిండి తగ్గితే, దేని మీదా మనసు నిలవకపోతే అది బడి బెంగ మాత్రమే కాకపోవచ్చు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ‘టెలీ మానస్’ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేరుగా చూపించుకోవాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడం పరువు తక్కువేం కాదు.

ఈ వారం ఆ మూడు గంటల్లో ఇల్లు తుడిచెయ్యాలనీ, బట్టలు ఉతికెయ్యాలనీ పెట్టుకోకండి. వేడి టీ చల్లారకముందే తాగండి. ఏడుపొస్తే ఏడవండి. వచ్చేవారం ఆ మిషన్ మీది గుడ్డ తియ్యండి. నాలుగేళ్లుగా కదలని మిషన్, నూనె వేసి నాలుగు పాత గుడ్డల మీద నడిపించి చూడండి. తర్వాత గాజువాక వెళ్లి లైనింగు గుడ్డ తెచ్చుకుని మొదటి జాకెట్టు మీకే కుట్టుకోండి. వాడు పుట్టాక ఆ మిషన్ చప్పుడు ఒక్కసారీ వినలేదు. మీవాడికి వినిపించండి. పొద్దుట నువ్వు బడిలో ఉన్నప్పుడు అమ్మ ఏం చేసిందో తెలుసా అని, ఈసారి మీరు చెప్పండి.