ముందు నది దాటించు

తమ్ముడూ,

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 మార్చిలో, జోర్డాన్ నది దాటి తుర్కుల చేతిలో ఉన్న అమ్మాన్ మీదికి వెళ్లి, ఓడి తిరిగొచ్చిన బ్రిటిష్ బలగం గురించి రాస్తానన్నావు. చాలా సంతోషం. మొదటి పేరాలోనే బ్రిటిష్ సేనాధిపతి అలెన్‌బీని తెచ్చి కూర్చోబెట్టకు. నదిని పెట్టు. అమ్మాన్ గుట్టల మీద ఓడిపోయినట్టు కనిపిస్తుంది గానీ, వాళ్ల చేతిలో ఉన్న వ్యవధి ఈ ఒడ్డునే కరిగిపోయింది.

మార్చి 21 రాత్రి దాటాలి. రేవులు రెండు: గొరానియే, దానికి దిగువన హజ్లా. వానలకు నది పొంగి ఉంది. గొరానియే దగ్గర ఈతగాళ్లు ఎన్నిసార్లు దిగినా వడి నెట్టేసింది. హజ్లాలో లండన్ పటాలం ఈతగాళ్లు తాడుతో అవతలికి చేరారు. ఆ తాడు దగ్గర కాసేపు ఆగు. తాడు అందాక తెప్ప. ఒక్కో విడతకు ముప్పై మంది లోపే. చీకట్లో అటూ ఇటూ లాగడం. పాంటూన్ వంతెన, అంటే పడవల మీద పరిచే వంతెన, సిద్ధమయ్యేసరికి పొద్దున ఎనిమిది దాటింది. ‘సైన్యం నది దాటింది’ అని తేల్చేస్తే ఆలస్యం ఎక్కడ పుట్టిందో చదివేవాడికి అందదు. 23న న్యూజిలాండ్‌కు చెందిన ఆక్లండ్ గుర్రపు దళం హజ్లాలో దాటి, తూర్పు ఒడ్డు వెంట ఉత్తరానికి దూసుకెళ్లి తుర్కులను తరిమాకే గొరానియే రేవు తెరుచుకుంది.

ఇక ‘ఎడారి యుద్ధం’ అనగానే ఇసుక రాసెయ్యకు. ఇక్కడ ఉన్నది బురద. నది సముద్రమట్టానికి 350 మీటర్లకు పైగా కింద, అమ్మాన్ 700 మీటర్లకు పైగా ఎత్తున. ఆ ఎక్కుడంతా వానలోనే. బరువులు మోసింది ఒంటెలు. ఒంటె పాదం మెత్తటి దిండులా ఉంటుంది, ఇసుకలో కూరుకుపోదు. తడి బంకమట్టి మీద మాత్రం దానికి పట్టు దొరకదు. కాళ్లు పక్కలకు జారిపోయి బరువుతో సహా కూలబడుతుంది. చక్రాల ఫిరంగుల్ని పైకి తేవడం గగనమైంది, దాడికి ఎక్కువగా చిన్న కొండ ఫిరంగులే దిక్కయ్యాయి. కూల్చాల్సినవేమో డమాస్కస్ నుంచి అమ్మాన్ మీదుగా మదీనాకు వెళ్లే తుర్కుల హిజాజ్ రైలుమార్గంలోని రాతి వంతెన, సొరంగం! కాపలాగా మర తుపాకులున్నాయి. అదే రైలు మీద తుర్కులకు అదనపు బలగం దిగుతోంది. అందుకే ఒక కాగితం మీద రెండు గళ్లు గీసుకో. ఒకదాంట్లో బ్రిటిష్ వాళ్లు ఏ రోజు ఎక్కడున్నారో, రెండో దాంట్లో తుర్కుల బలగం ఎప్పుడు చేరిందో రాసుకో. వానే ఓడించిందంటే నేను ఒప్పుకోను. ఒక్క రోజు ఆలస్యమైతే కుప్పకూలే పథకం వేసినవాళ్లకూ అందులో వాటా ఉంది.

25న, నదికీ అమ్మాన్‌కూ మధ్యనున్న అస్సల్ట్ పట్టణం చేజిక్కడం చూసి గెలుపు వాసన పట్టించకు. 27 నుంచి 30 వరకు అమ్మాన్ మీద దాడి చేసినా పట్టణం చిక్కలేదు. ఈలోగా తుర్కులు గొరానియేకి ఎగువనున్న దామియా రేవు దాటి అస్సల్ట్ మీదికే వచ్చారు. 30న వెనక్కి రమ్మన్నారు, ఏప్రిల్ 2కి అందరూ నది ఇవతల ఉన్నారు.

ఇంకో మాట. నిజాం గుర్రపు దళం హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా యుద్ధంలో ఉన్నారు నిజమే, ఈ బలగంలో లేరు. అభిమానం కొద్దీ వాళ్లను ఇందులోకి లాక్కురాకు.

ఆఖరి పేజీ అస్సల్ట్ వాళ్లకు ఉంచు. వచ్చినవాళ్లను నమ్మి ఆదరించిన క్రైస్తవ కుటుంబాలు, తుర్కులు తిరిగొస్తే తమకేం జరుగుతుందోనని, ఇళ్లు వదిలి సైన్యం వెంట అదే బురదలో దిగి అదే నది దాటాయి.

ఆశీస్సులతో,
మీ అన్న